చచ్చినవాడి చేతిలో కుండమూత

మూడు గంటల యాభై రెండు నిమిషాలకి జేబెజ్ స్లోమన్ టౌన్‌హాలు మెట్లెక్కి ఓటేశాడు. రాత్రి ఎనిమిదింటికి డాక్టరు వచ్చి చూసేసరికి తన కుర్చీలో కొయ్యలా బిగుసుకుపోయి ఉన్నాడు. నాలుగు గంటల్లో ఏ శవమూ అంతలా బిగుసుకోదు. ఆ ముక్క డాక్టరుకీ తెలుసు. తెలిసి కూడా "చలికాలం, ఆరిన పొయ్యి" అని కాగితం మీద రాసి చేతులు దులుపుకున్నాడు. కడుపులో నల్లమందు ద్రావకం ఉందని మాత్రం స్పష్టంగా రాశాడు.

ఊరు ఇంకో మాట అనుకుంటోంది. మంగళవారం సాయంత్రం ఓటేసింది జేబెజ్ కాదట, జేబెజ్ శవమట. రైలు దిగగానే పోర్టరు చెప్పాడు. సత్రంలో వంటామె చెప్పింది. ఆఖరికి నా గడ్డం గీసిన మంగలి కూడా కత్తి నా కుత్తుక మీద ఆనించి మరీ చెప్పాడు. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. కత్తి ఉన్న చోటు అలాంటిది.

నేను ఇన్‌స్పెక్టర్ పెథిక్‌ని. మేజిస్ట్రేటు కబురు పెడితే లండన్ నుంచి వచ్చాను. ఇప్పుడు ఆర్న్‌కూంబ్ అనే నియోజకవర్గమే లేదు, పార్లమెంటు దాన్ని ఎప్పుడో కొట్టేసింది. కానీ 1868 నవంబరు ఇరవయ్యో తేదీ శుక్రవారం పొద్దున అది ఉంది. దానికి ఒకే ఒక్క ఓటు మెజారిటీతో గెలిచిన మెంబరు ఉన్నాడు. లాకప్పులో ఒక ఆడమనిషి ఉంది.

ఆమె జేబెజ్ కోడలు టామ్సిన్. మొగుడు పోయి రెండేళ్ళయింది, మామగారిని తనే చూసుకుంటోంది. ముసలాయన ఓటు ఊరి దొరగారి దివాణానికి వ్యతిరేకంగా పడింది, ఇల్లేమో దివాణానిది, ఇక నిలువ నీడ పోతుందన్న కసితో మాంసం పులుసులో నల్లమందు కలిపి పోసిందని దివాణం ఏజెంటు వోస్పర్ ఫిర్యాదు. దానికి తోడు మంగళవారం మధ్యాహ్నం మూడుంపావుకి ఆమె సత్రం లాండ్రీలోంచి బయటికెళ్ళింది, నాలుగుంపావుకి తిరిగొచ్చింది. ఆ గంటసేపు ఎక్కడున్నావంటే నోరు విప్పదు. శనివారం పదింటికి ఆమెను మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. నేను ఏదీ తేల్చకపోతే అక్కణ్ణుంచి పెద్ద కోర్టుకీ, పెద్ద కోర్టు నుంచి ఉరికంబానికీ దారి తిన్నగా ఉంది.

ముందు టౌన్‌హాలుకి వెళ్ళాను.

పోలింగు గుమాస్తా క్రిస్పిన్ హీల్ నన్ను చూసి కళ్ళజోడు ముక్కు మీదికి దించాడు. డెబ్భై దాటిన మనిషి.

"నాథన్ పెథిక్ కొడుకువి కదూ నువ్వు?"

"అవునండి. మంగళవారం సంగతి అడగడానికొచ్చాను."

"అదే మొండి మెడ. మీ నాన్న ఎలా ఉన్నాడబ్బాయ్?"

"పోయి ముప్ఫై ఏళ్ళవుతోంది. మంగళవారం సంగతండీ."

"చెబుతాలే. మీ నాన్నకీ ఇదే తొందర" అంటూ బీరువా తెరిచాడు.

అందులో వరసగా పది పుస్తకాలున్నాయి. అప్పటికింకా ఓటు గుట్టుగా వేసే చట్టం రాలేదు. మెట్లెక్కాలి, నలుగురూ వినేలా పేరు చెప్పాలి, గుమాస్తా రాసుకోవాలి. తరవాత ఎవడు ఎవరికి వేశాడో అచ్చేసి అమ్మేవారు. దివాణంలో ఆ పుస్తకం బైబిలు పక్కనే ఉండేదని చెప్పుకునేవారు, బైబిలు కంటే ఎక్కువ నలిగి. 1832 నుంచి అన్ని ఎన్నికలూ ఆ బీరువాలో ఉన్నాయి. అందులో పేర్లున్న వాళ్ళలో సగానికి పైగా చర్చి వెనక పడుకున్నవాళ్ళే. పేజీ తిప్పితే చాలు, ఒక్కొక్కడూ లేచి నిలబడి తన మాట మళ్ళీ చెబుతున్నట్టుంటుంది. నాకు ఆ పుస్తకాలంటే మొదటినుంచీ భయం.

"జేబెజ్ ఓట్లు చూపించండి."

హీల్ చూడకుండానే చెప్పాడు. "ముప్ఫైరెండు నుంచి అరవైఅయిదు దాకా తొమ్మిది ఎన్నికలు. తొమ్మిదిసార్లూ నీలమే. దివాణం ఎవర్ని నిలబెడితే వాళ్ళకి. మంగళవారం ఒక్కటే పసుపు. మిల్లు యజమాని హార్ట్‌నల్‌కి."

"ఆయన రాకముందు లెక్క ఎంత?"

"నూట ఎనభైఏడు, నూట ఎనభైఏడు. సమానం. ఇంకెవరూ మిగల్లేదనుకున్నాం. మూడూ యాభైరెండుకి ఆయనొచ్చాడు."

"ఆయనే అని ఎలా తెలుసు?"

హీల్ నొచ్చుకున్నాడు. "అదే కోటు, అదే టోపీ. వాన పడుతోంది, మెడగుడ్డ ముక్కు దాకా చుట్టుకున్నాడు. చీకటి పడుతోంది. అయినా చేతిలో మూత ఉంటే ఇంకా అనుమానమేంటి? ఆ మూత ఈ ఊళ్ళో ఇంకెవడికుంది?"

ఇది మా ఊరివాళ్ళకే అర్థమయ్యే మాట. పూర్వం ఆర్న్‌కూంబ్‌లో ఓటు హక్కు భూమిని బట్టీ కాదు, పన్నుని బట్టీ కాదు, పొయ్యిని బట్టి. సొంత పొయ్యి మీద సొంత కుండ మరిగించుకునే ఇంటాయనకి ఓటు. ఓటు రోజు తెల్లారకముందే పొయ్యిలో ఓక్ మొద్దు పెట్టి, ఇనుప కుండ నిండా నీళ్ళు పోసి మరిగించేవారు. కుండమూత గోనెగుడ్డలో చుట్టుకుని మెట్లెక్కితే గుమాస్తా దాన్ని ముట్టుకుని చూసేవాడు. వెచ్చగా ఉంటే ఓటు. ఇంటికెళ్ళాక ఆ మరిగిన నీళ్ళే పొయ్యిలో కుమ్మరించి ఆర్పేసేవారు, కుండ పని అయిపోయిందని. ముప్ఫైరెండులో కొత్త చట్టం వచ్చి ఈ కుండ ఓటు కొత్తగా ఎవరికీ లేదంది. ఉన్నవాళ్ళకి మాత్రం బతికున్నంత కాలం ఉంచింది. అలా మిగిలినవాళ్ళలో ఆఖరివాడు ఎనభైరెండేళ్ళ జేబెజ్.

"మూత ముట్టుకున్నారా?"

హీల్ కుడిచెయ్యి బల్లకిందికి దాచబోయాడు. చూపుడువేలికి కట్టు.

"విప్పండి."

"దేనికి? చిన్న పొక్కు."

"విప్పండి హీల్‌గారూ."

విప్పాడు. చిన్న పొక్కేం కాదు. వేలి కొన తెల్లగా ఉడికి తోలు లేచిపోయింది.

"తొమ్మిది ఎన్నికల్లో ఎంతమంది మూతలు ముట్టుకుని ఉంటారు మీరు?"

"మొదట్లో నూటయాభై మంది దాకా ఉండేవారు."

"ఎప్పుడైనా కాలిందా?"

ముసలాయన గొంతు తగ్గించాడు. "ఎప్పుడూ కాలలేదు. అందుకే కదా ఈ ఊరంతా... నేనసలు ఎవరికీ చెప్పలేదబ్బాయ్, మా ఆవిడకి తప్ప. ఆ మూత ఈ లోకపు పొయ్యి మీది కాదంటుంది ఆవిడ."

ఆవిడకి చెబితే ఊరందరికీ చెప్పినట్టే. కానీ నన్ను పట్టుకున్నది దెయ్యం గోల కాదు, ఆ పొక్కు. నీళ్ళు మరుగుతున్న కుండ మీది మూత ఎంత వేడెక్కినా నీళ్ళ వేడిని మించదు. మూడొందల అడుగులు నవంబరు వానలో నడిచొచ్చేసరికి చంటిపిల్ల చెంపకి ఆనించొచ్చు. వేలు ఉడికిందంటే ఆ కుండలో నీళ్ళు లేవు. ఎప్పుడో ఇగిరిపోయి, ఖాళీ ఇనుము ఎర్రబడేదాకా కాలుతూ ఉండిపోయింది. ఓటు రోజున అరవయ్యేళ్ళు కుండ కాచినవాడు, బతికుండగా, కుండ ఇగరనిస్తాడా?

"వోస్పర్ అక్కడే ఉన్నాడా?"

"పదడుగుల్లో. ఆ రోజు ఆరుగురి ఓట్లకి అడ్డం చెప్పాడు. నీ పేరు తప్పు, నీ ఇల్లు ఊరవతల అని ప్రాణం తీశాడు. జేబెజ్ వచ్చినప్పుడు మాత్రం మాట్లాడలేదు. చేతికర్ర జారిపోయింది. మెట్ల మీద కూలబడ్డాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు."

"జేబెజ్ ఏమన్నాడు?"

"ఆయన గొంతు రాతిగని దుమ్ముకి మూడేళ్ళ కిందటే పోయింది కదా. గుసగుసే. 'హార్ట్‌నల్' అన్నాడు. నేనే గట్టిగా చదివాను. తరవాత..." హీల్ నా వైపు చూసి ఆగిపోయాడు.

"తరవాత?"

"చెప్పకూడదనుకున్నాను. ఇంకో మాట గొణిగాడు. 'ఇది నాథన్‌కి' అన్నట్టు వినిపించింది."

నాథన్ మా నాన్న. బీరువాలో 1837 పుస్తకం వెన్ను కనిపిస్తూనే ఉంది. తియ్యమని అడగలేదు. ఆ పేజీ నాకు కంఠతా వచ్చు.

జేబెజ్ ఇంటికి ఒక్కణ్ణే వెళ్ళాను.

ఒకటే గది. తలుపెదురుగా పొయ్యి, పొయ్యి పక్కన ఆయన కుర్చీ. కుర్చీలో ఎవరూ లేరని తెలిసినా తలుపు దగ్గర టోపీ తీశాను. అలవాటు.

బూడిద అట్టకట్టి ఉంది, అంటే పొయ్యి నీళ్ళు పోసి ఆర్పారు. ఆనవాయితీ ప్రకారమే. కానీ కుండ అడుగున సున్నపు తెట్టు తెల్లగా గడ్డకట్టి ఉంది, ఇనుము నీలంగా కమిలిపోయింది. కాబట్టి ఆర్పిన నీళ్ళు కుండలోవి కావు. మూల ఉన్న బకెట్టు ఖాళీ. కుండ రెండు గాలన్లు పడుతుంది, మా అమ్మదీ అంతే ఉండేది. కోడలు పనికి వెళ్తూ అయిదున్నరకి నింపి వెళ్ళిందని ఎదురింటామె చెప్పింది. ఎవరూ ముట్టకపోతే పన్నెండు లోపల అడుగంటుతుంది. ఎనిమిది నుంచీ పోలింగు, ఆ మధ్యలో ఒక్క చెంబుడు నీళ్ళు పొయ్యడానికి కూడా ఆయన లేవలేదు.

కానిస్టేబులు రాసుకున్న సామాను జాబితా తీశాను. "మాంసం పులుసు, ఒక ముంత, నిండుగా, మూతపెట్టి." నిండుగా. తాగని పులుసులో విషం ఉంటే ఏం, తేనె ఉంటే ఏం? తెల్లవారుజామున కోడలు పెట్టి వెళ్ళిన పులుసు అలాగే ఉంది.

గోనెగుడ్డ మేకుకి తగిలించి ఉంది. నాలుగు మడతలు, అంచులు కలిపి. నడిమధ్య కాలి గోధుమరంగుకి తిరిగింది. మూత పొయ్యిగట్టు మీద బోర్లా కాకుండా వెల్లకిలా, పిడి కిందికి పెట్టి ఉంది. లోపలి వైపు మసి అంటకుండా అలా పెడతారు. దాన్నే చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. మా అమ్మ అలాగే పెట్టేది.

రొట్టెలు కాల్చే గూట్లో చెయ్యి పెడితే మెత్తగా తగిలింది. పిల్లి. బూడిదరంగుది, వెచ్చదనం కోసం దూరి అక్కడే చచ్చిపోయింది. మీసాలకి ఎండిన పాలు. వాసన చూస్తే జాజికాయ, బీరు.

"ఏమోయ్ పెథిక్, పిల్లులకి కూడా పంచనామా మొదలెట్టావా?"

వోస్పర్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నేనూ వాడూ ఒకే రోజు లండన్ పోలీసులో చేరాం. తొమ్మిదేళ్ళ కిందట దివాణం భోజనం బాగుంటుందని వాడు ఇటొచ్చేశాడు. బాగానే ఉన్నట్టుంది, పొట్ట చూస్తే.

"మంగళవారం పొద్దున ఏడింటికి నువ్వు ఇక్కడికొచ్చావని ఎదురింటామె చెప్పింది" అన్నాను.

"పదకొండు ఇళ్ళకి వెళ్ళాను. ఓటు రోజు పొద్దున్నే పాలు, జాజికాయ వేసిన వేడి బీరు దివాణం నుంచి వెళ్ళడం తాతల నాటి ఆనవాయితీ. మీ నాన్న కూడా తాగే ఉంటాడు."

"తాగలేదు. పారబోశాడు. ఆ బీరు తెచ్చిన కూజా ఏది?"

"దివాణం సొత్తు. ఆ రాత్రే పట్టుకెళ్ళాను. కడిగేశారు."

"శవం పక్కనున్న కూజాని?"

"మా వంటింట్లో ఆడవాళ్ళకి శుభ్రం ఎక్కువ."

పిల్లిని తీసి బల్ల మీద పడుకోబెట్టాను. "కడగని ముంత ఒకటి మిగిలింది. దీని కడుపు డాక్టరుకి పంపిస్తున్నా. పులుసులో పాలు లేవు వోస్పర్."

వాడు నవ్వాడు గానీ కళ్ళు పిల్లి మీదే ఉన్నాయి.

"ఆరుగురి ఓట్లకి అడ్డం చెప్పావు" అన్నాను. "ఏడోవాడి ఒక్క ఓటుతో దివాణం నిలబెట్టిన మీ కెప్టెన్ ఓడిపోతుంటే మెట్ల మీద కూర్చుండిపోయావట. ఎందుకు?"

"మోకాళ్ళ నొప్పులు."

"నాకూ ఉన్నాయి. కర్ర జారేంత కాదు. ముసలాయన ఈసారి మాట మారుస్తున్నాడని నీకు తెలిసింది. సాయంత్రం దాకా నిద్రపుచ్చుదామనుకున్నావు. చంపాలనుకున్నావని నేననను. కానీ ఎనభైరెండేళ్ళ గుండె అది, లేవలేదు. లేవకూడని మనిషి లేచొచ్చి ఓటేస్తే, అడ్డం ఏమని చెబుతావు? 'ఆయన రాలేడు, నాకు తెలుసు' అంటావా?"

వోస్పర్ లోపలికొచ్చి తలుపు మూశాడు. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునే రకం కాదు వాడు. వాడికి పోలీసు బుర్ర ఉంది.

"బాగా అల్లావు. ఇప్పుడు నా మాట విను. ముసలాడు బతికుండగానే వచ్చి ఓటేశాడు. నాలుగొందల మంది చూశారు. ఇంటికొచ్చాడు, పులుసు తాగాడు, చచ్చాడు. కోడలు ముంత మళ్ళీ నింపింది. కాదంటావా? అయితే మెట్లెక్కింది ఎవరు? నీ సాక్షి ఎవడు? కుండమూతా? చచ్చిన పిల్లా? జూరీ ముందు పెట్టు, పొట్టలు పట్టుకుని నవ్వుతారు."

"ఓడిపోయిన ఎన్నిక తిరగేసుకునే అవకాశం ఇస్తుంటే వద్దంటున్నావు. మీ దొరగారికి ఈ సంగతి తెలుసా?"

ఆ ఒక్క దెబ్బ తగిలింది. వాడికి ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఓటు దొంగదంటే మెడకి ఉరి, కాదంటే కొలువు ఊడుతుంది.

"రేపు పదింటికి ఆ మెట్లెక్కిన మనిషిని తీసుకొచ్చి నిలబెట్టు" అన్నాడు తలుపు తీస్తూ. "లేదంటే మీ నాన్నలాగే మూటా ముల్లె సర్దుకో. మీవాళ్ళకి ఊరు విడిచే దారి బాగా తెలుసుగా."

వాడు వెళ్ళాక మూతని మళ్ళీ చూశాను. వెల్లకిలా, పిడి కిందికి. నాలుగు మడతల గోనెగుడ్డ. హడావిడిలో ఉన్న మగవాడెవడూ గుడ్డ మడతపెట్టడు.

లాకప్పు అంటే చర్చి పక్కన పాత ధాన్యపు కొట్టు. టామ్సిన్ బెంచీ మీద కూర్చుని ఉంది. నలభై ఏళ్ళు ఉంటాయి. పొడుగాటి మనిషి, ఎముకలు కనిపించే భుజాలు, మామగారి ఎత్తే. రెండు చేతులకీ గుడ్డపీలికలు చుట్టి ఉన్నాయి. లాండ్రీ సోడాకి పుళ్ళు పడ్డాయని కానిస్టేబులు రాసుకున్నాడు.

"ఆ గుడ్డలు విప్పమ్మా."

"సోడాకి పగిలాయి బాబుగారూ. చూసేదేముంది?"

"హీల్‌గారి వేలు చూసొచ్చాను."

ఆమె కాసేపు నా మొహంలోకి చూసింది. తరవాత నెమ్మదిగా విప్పింది. రెండు అరచేతుల్లోనూ నెలవంకల్లా రెండు కాలిన గీతలు, ఎదురెదురుగా. చేతులు దగ్గర పెడితే కుండమూత అంచు అంత గుండ్రం.

"మూడున్నరకి నువ్వు వెళ్ళేసరికి ఎలా ఉన్నాడు?" అన్నాను.

"కట్టెలా బిగుసుకుపోయి ఉన్నాడు." గొంతులో తడి లేదు. "మూడింటికి వచ్చి తీసుకెళ్తానన్నాను. లాండ్రీలో వదల్లేదు, ఆలస్యమయింది. వెళ్ళేసరికి కుర్చీలో ఉన్నాడు. నిద్రలో పోయాడనుకున్నాను. నల్లమందని నాకేం తెలుసు? కోటు మేకుకి ఉంది, నేను తెల్లారకట్ల బ్రష్షు చేసి తగిలించాను. కుండ ఎర్రగా కాలిపోతోంది. ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఏడుద్దామనుకున్నా. ఈలోగా చర్చి గంట కొట్టింది."

"ఏడవకుండా కోటు తొడుక్కున్నావు."

"నాలుక్కి మూసేస్తారు కదా."

నేను పోలీసుని, అడగాల్సింది అడగాలి. "ఒకరి పేరున ఇంకొకరు ఓటేస్తే రెండేళ్ళు జైలని తెలుసా?"

"తెలుసు. ఇంకో సంగతి కూడా తెలుసు. ఇరవయ్యేళ్ళుగా ఆ పొయ్యి రాజేసింది నేను. ఆ కుండ తోమింది నేను. నీళ్ళు మోసింది నేను. మూత తీసుకెళ్ళి నిలబడేది ఆయన. నాకు ఉక్రోషం లేదు, లోకమే అలా ఉంది. కానీ ఆ రోజు ఆ కుండ మరిగించింది నేనే కదా బాబుగారూ? మీ చట్టం అడిగేది అదే కదా?"

ఆ అరచేతుల్లోని గీతలే చూస్తూ ఇంకో ప్రశ్న అడిగాను.

"మరి ఈ మూడు రోజులూ నోరెందుకు విప్పలేదు? ఆయన పొద్దున్నే పోయాడని తేలితే నీ మీద కేసే లేదు. ఏడు నుంచీ మూడు దాకా నువ్వు లాండ్రీలో ఉన్నావని పదిమంది చెబుతారు. చంపింది వోస్పర్ బీరు."

"విప్పితే ఓటు పోతుందా?"

"పోతుంది. చచ్చినవాడికి ఓటు లేదు."

"నేను నోరు మూసుకుని ఉరెక్కితే?"

"నిలుస్తుంది" అన్నాను.

"అందుకే విప్పలేదు." ఆమె తల గోడకి ఆనించింది. "మీరు నాథన్ గారబ్బాయని కానిస్టేబులు చెప్పాడు. మీకు గుర్తుందా ఆ రోజు?"

గుర్తు లేకపోవడమేమిటి? 1837. నాకు పదకొండేళ్ళు. ఇద్దరం కలిసి దివాణానికి ఎదురు వేద్దామని మా నాన్నా, జేబెజూ ముందురోజు చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నారు. నాన్న ముందు మెట్లెక్కి గట్టిగా పసుపు అన్నాడు. తరవాత జేబెజ్ ఎక్కాడు. అప్పటి ఏజెంటు మొహంలోకి చూశాడు. నీలం అన్నాడు. పుస్తకంలో ఒకదాని కింద ఒకటి ఉంటాయి ఆ రెండు పేర్లు. వారం తిరక్కుండా మా కుండని దివాణం మనుషులు వీధిలోకి విసిరేశారు. అది దొర్లుకుంటూ వెళ్ళి జేబెజ్ గుమ్మం దగ్గర ఆగింది. ఆయన తలుపు తియ్యలేదు. ఆ చలికాలం ఊరూరా తిరిగాం, పొయ్యిలో పిల్లి లేవని రోజులే ఎక్కువ. వసంతం రాకముందే నాన్న పోయాడు. నేను జేబెజ్‌ని ముప్ఫైఒక్క ఏళ్ళు తిట్టుకుంటూ బతికాను.

"ఆ కుండ ఏ రాత్రీ ఆయన్ని నిద్రపోనివ్వలేదు" అంది టామ్సిన్. "దొర్లుతున్న చప్పుడు వినిపిస్తోందని లేచి కూర్చునేవాడు. తలుపు తియ్యి, నాథన్ వచ్చాడు అనేవాడు. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ ఈసారి చెబుతానని వెళ్ళేవాడు, నీలం అని వచ్చి ముసుగుతన్ని పడుకునేవాడు. మా ఆయన రాతిగనిలో పోయాక, ఇక దివాణం మన దగ్గర తీసుకోవడానికేముంది మామయ్యా అన్నాను. అప్పుడు ధైర్యం వచ్చింది. నెలరోజులు ఆ మాటే సాధన చేశాడు, పొయ్యి ముందు నిలబడి. 'హార్ట్‌నల్. ఇది నాథన్‌కి.' నేను విన్నది విన్నట్టు చెప్పానంతే."

నేను మొహం పక్కకి తిప్పుకున్నాను. ఆమె చూడనట్టు చేతి గుడ్డలు చుట్టుకోవడం మొదలెట్టింది. ముడి పడకపోతే నేను కట్టాను.

"ఇప్పుడు చెప్పండి" అంది. "మీ నాన్న ఓటు అది. ఉంచుతారా, కొట్టేస్తారా?"

జేబులోంచి కాగితం తీశాను. జేబెజ్ స్లోమన్ మంగళవారం మధ్యాహ్నం పన్నెండుకి ముందే మరణించాడని మొదటి వాక్యం రాశాను. మిగతాది ఆమె చెబుతూంటే రాసుకున్నాను. కింద సంతకం పెట్టమంటే ఆమె చాలాసేపు పెట్టలేదు.

"మీరు రాయకపోతే నేను పెట్టక్కర్లేదు" అంది.

"మా నాన్న బతికుంటే ఓటు కోసం మనిషిని ఉరికి పంపించమనడు. ఆ పని దివాణానిది."

అప్పుడు ఏడ్చింది, మూడు రోజుల తరవాత మొదటిసారి. ఏడుస్తూనే ఇంటూ గుర్తు పెట్టింది.

పిల్లి కడుపులోనూ నల్లమందే ఉందని డాక్టరు కబురు పంపాక, శనివారం తొమ్మిదింటికి కానిస్టేబులు వోస్పర్‌ని దివాణం వంటింటి గుమ్మంలో పట్టుకున్నాడు. నేను అక్కడ లేను. టౌన్‌హాల్లో ఉన్నాను. హీల్ పుస్తకం తెరిచి, ఎర్రసిరాలో కలం ముంచి నా చేతికిచ్చాడు.

"నా వల్ల కాదబ్బాయ్. నువ్వే కొట్టు."

ఆఖరి పేజీలో ఆఖరి పేరు. జేబెజ్ స్లోమన్, కుండ ఓటు, మూత వేడి, హార్ట్‌నల్. స్కేలు ఆనించి గీత కొట్టాను, లెక్క మళ్ళీ సమానమైంది. సిరా ఆరేదాకా అక్కడే నిలబడ్డాను.